అడక్కుండా తెరుచుకునే ఫైలు

ఒక్క లైను కోసం ఇంత గొడవేంటి అని హైదరాబాదులో ఉన్న మా టీము కుర్రాళ్ళు నన్ను ఆటపట్టిస్తుంటారు. ఆ లైను "సెట్ డాటెన్వ్-లోడ్". జస్ట్ అనే కమాండ్ రన్నర్ వాడేవాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది. తెలియనివాళ్ళు పారిపోకండి, రెండు పేరాల్లో చెప్పేస్తాను, ఆ తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం. నా వాదన మాత్రం ముందే చెప్తున్నా. పాస్‌వర్డులూ చిరునామాలూ ఉన్న ఫైలుని ఏ సాధనమూ అడక్కుండా తెరవకూడదు. తెరవమని చెప్పాక అది దొరక్కపోతే నోరు మూసుకుని ఊరుకోకూడదు. ఇక్కడ దొరకలేదు కదా అని పై ఇంట్లోంచి తెచ్చుకోకూడదు. మూడే ముక్కలు. మొదటి ముక్క చాలామంది ఒప్పుకున్నారు. మిగతా రెండింటి దగ్గరే నాకూ మావాళ్ళకీ పేచీ.

సరే, ముందు ఈ ఫైలు సంగతి. ప్రోగ్రాముకి తన కోడు కాకుండా కొన్ని విషయాలు బయటనుంచి తెలియాలి. డేటాబేసు ఏ మిషను మీద ఉంది, దాని పాస్‌వర్డేంటి, బిల్లులు ఏ చిరునామాకి పంపాలి, ఇలాంటివి. పెళ్ళి వంటల మేస్త్రీని తీసుకోండి. పులిహోర కలపడం ఆయనకి వచ్చు, అది కాకినాడైనా కరీంనగరైనా ఒకటే. కానీ ఈ పెళ్ళికి ఎంతమంది, గాడిపొయ్యి ఎక్కడ తవ్వాలి, సామాను ఏ కొట్లో ఖాతా మీద తేవాలి అన్నది ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. ఆ చెప్పే మాటల్లాంటివే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. యూనిక్సులో 1979 నాటి ఏడో వెర్షన్ నుంచీ ఉన్నాయి. ప్రతిసారీ నోటితో చెప్పడం విసుగు కాబట్టి ఒక చీటీ మీద రాసి పెడతాం. లైనుకొక పేరు, ఈక్వల్ టు గుర్తు, ఒక విలువ. అదే డాటెన్వ్ ఫైలు. దాని పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి లినక్సులో మామూలుగా ఫైళ్ళ జాబితా అడిగితే కంటికి కనపడదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

కమాండ్ రన్నరంటే రోజూ కొట్టే పొడుగాటి కమాండ్లకి పొట్టి పేర్లు పెట్టుకునే ఏర్పాటు. పాతవాళ్ళు దీనికి మేక్ వాడేవారు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ప్రోగ్రాములు కంపైల్ చెయ్యడానికి రాసినదాన్ని, అందరం కలిసి ఇంటెడు చాకిరీకీ వాడేశాం. కేసీ రోడర్మోర్ రాసిన జస్ట్‌లో ఆ కంపైలు గొడవ లేదు, వట్టి కమాండ్లు నడపడమే దాని పని. ఒక ఫైల్లో వంటకాల్లా రాసుకుంటాం (వాటినలా వంటకాలనే అంటారు, నా పోలిక కాదు), "జస్ట్ బిల్లులు" అంటే బిల్లుల వంటకం నడుస్తుంది. నడిచేముందు డాటెన్వ్ ఫైలు చదివి అందులో ఉన్నవన్నీ ఆ కమాండుకి అందిస్తుంది.

మొదట్లో జస్ట్ ఈ ఫైలుని ఎవరూ చెప్పకుండానే తెరిచేది. ఫోల్డర్లో ఉంటే చాలు, చదివేసేది. తర్వాత కొన్నాళ్ళు "మీ ఫైలు కనిపించింది, చదివాను, కానీ ఈ పద్ధతి మారబోతోంది" అని ఒక హెచ్చరిక చూపించింది. 2022 ఫిబ్రవరిలో 1.0 వెర్షన్ వచ్చినప్పుడు మార్చేశారు. ఇప్పుడు మీరు ఆ ఒక్క లైను రాస్తేనే తెరుస్తుంది. అప్పట్లో విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. పనిచేస్తున్నదాన్ని కదిలించడం ఎందుకని. నా మటుకు నాకు అది ఆ సాధనం చరిత్రలో మంచి నిర్ణయాల్లో ఒకటి. ఆ లైను ఉందంటే, ఈ వంటకాలకి బయట ఇంకో చీటీ ఉందని కొత్తగా వచ్చినవాడికి పది సెకన్లలో తెలుస్తుంది. లేకపోతే కనపడని ఫైలుని కనపడకుండా చదివే ప్రోగ్రాము. రెండు కనపడకపోవడాలు ఒకేచోట ఉంటే మా వృత్తిలో రాత్రుళ్ళు నిద్రుండదు.

ఇక నేనెక్కడున్నానో చెప్పాలి, లేకపోతే ఇంత ఆవేశం ఎందుకో అర్థం కాదు. హఫర్ అల్ బాతిన్. సౌదీకి ఈశాన్యం మూల, కువైట్ సరిహద్దుకీ ఇరాక్ సరిహద్దుకీ దగ్గర. బావులు తవ్విన చోటు కాబట్టి ఆ పేరు. ఐటీ పార్కులుండే ఊరు కాదు. ఒంటెల సంత, టైర్ల కొట్లు, దాణా గోడౌన్లు, ఒక యూనివర్సిటీ, కాస్త దూరంలో సైనిక నగరం. ఇలాంటి ఊళ్ళో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుకి పనేంటి అంటారా? అంతా జట్కా పుణ్యం. మన జట్కా బండి కాదండీ, జకాతూ పన్నులూ కస్టమ్సూ చూసే ఇక్కడి సర్కారీ అథారిటీ. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి చదివితే మనవాళ్ళ నోట్లో జట్కా అయింది. వాళ్ళు 2021 డిసెంబరు 4 నుంచి బిల్లులన్నీ ఎలక్ట్రానిక్‌గానే ఉండాలన్నారు. 2023 జనవరి నుంచి విడతలవారీగా, వ్యాపారి సాఫ్ట్‌వేరు నేరుగా వాళ్ళ సర్వరుతో మాట్లాడాలన్నారు. దాన్ని ఫతూరా అంటారు. కంపెనీలకిచ్చే బిల్లయితే ముందు వాళ్ళ ఆమోదముద్ర పడాలి, తర్వాతే కొన్నవాడికి ఇవ్వాలి. మామూలు జనానికిచ్చే చిన్న బిల్లయితే 24 గంటల్లోపు నివేదించాలి. విడతలు రానురానూ చిన్న వ్యాపారుల దాకా దిగాయి, ఆ విడతలతోపాటే నేనూ ఇక్కడికి దిగాను.

ఈ ఫతూరాకి మూడు తలుపులున్నాయి. డెవలపర్లు ఆడుకోవడానికొకటి, నిజం బిల్లుల్లాంటివాటితో రిహార్సల్ చేసుకోవడానికి సిమ్యులేషన్ అని ఒకటి, అసలుది కోర్ అని ఒకటి. మూడు చిరునామాలూ దాదాపు ఒకటే, చివర్లో ఒక్క మాట తేడా. ఏ తలుపుకి ఆ తలుపుకి వేరే సర్టిఫికెట్టు. మరి ఇవన్నీ ఎక్కడ పెడతాం? చీటీలోనే.

అసలు కథ ఇక్కడ మొదలు. ఒక టైర్ల వ్యాపారి, పేరెందుకు లెండి, పాత షాపు కాక రెండోది తెరిచాడు. బిల్లింగు పని అప్పటికి వేరే కాంట్రాక్టరు చేతిలో ఉంది. వాళ్ళ పద్ధతి ఏంటంటే బిల్లింగ్ అని ఒక ఫోల్డరు, అందులోనే పాత షాపు చీటీ, దాని లోపల కొత్త షాపుకి ఇంకో ఫోల్డరు. డాటెన్వ్ ఫైలుని గిట్‌లో పెట్టకూడదు కాబట్టి వాళ్ళూ పెట్టలేదు, అది సరైన పనే. వాళ్ళ కుర్రాడొకడు కొత్త షాపు కోడు దింపుకుని, చీటీ ఇంకా రాయకుండా, రిహార్సల్ బిల్లుల వంటకం నడిపాడు. ఫైలు లేదు కాబట్టి ఎర్రరు వస్తుంది, అది చూసి ఏమేం కావాలో రాసుకుందాం అనుకున్నాడట. ఆ ఆలోచనలో తప్పేం లేదు, నేనైనా అలాగే చేద్దును. కానీ ఎర్రరు రాలేదు. బ్రహ్మాండంగా నడిచింది.

ఎందుకు నడిచిందంటే, జస్ట్ పనిచేస్తున్న ఫోల్డర్లో డాటెన్వ్ ఫైలు కనపడకపోతే అక్కడితో ఆగదు. దాని పై ఫోల్డర్లో చూస్తుంది. అక్కడా లేకపోతే ఇంకా పైన. అలా మొదలు దాకా ఎక్కుతుంది. దొరికిన మొదటిదాన్ని తీసుకుంటుంది. ఇది రహస్యమేం కాదు, దాని పుస్తకంలో రాసే ఉంది. ఒక పెద్ద ప్రాజెక్టులో చాలా చిన్న ఫోల్డర్లుండి అందరికీ ఒకే చీటీ చాలే చోట ఇది నిజంగా సుఖం. టైర్ల కొట్టులో మాత్రం అది పైకెక్కి పాత షాపు చీటీ పట్టుకొచ్చింది. అందులో కోర్ చిరునామా ఉంది, పాత షాపు అసలు సర్టిఫికెట్టుంది, పాత షాపు డేటాబేసుంది. "టెస్ట్ టెస్ట్" అనే పేరున్న కస్టమరుకి పద్నాలుగు బిల్లులు, ఒక్కోటి నాలుగేసి టైర్లు, సౌదీ ప్రభుత్వానికి చేరిపోయాయి.

పట్టుకున్నది సాఫ్ట్‌వేరువాళ్ళు కాదు. ఆ షాపులో లెక్కలు రాసే అన్న ఒకాయన ఉన్నాడు, జగిత్యాల వైపు మనిషి, గల్ఫుకొచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. యాభయ్యారు టైర్లు అమ్ముడయ్యాయి, గోడౌన్లో ఒక్కటీ తగ్గలేదు, పెట్టెలో ఒక్క రియాలూ పెరగలేదు. ఆయన నన్ను పిలిపించినప్పుడు, నేను పై ఫోల్డరు సంగతీ ఎక్కుడు సంగతీ బొమ్మ గీసి మరీ చెప్పాను. అంతా విని ఒకే మాటడిగాడు. "గా చీటీ ఎవలిదో సూడకుండనే పంపిందా తమ్మీ? దుకాణం పేరన్న సూడొద్దా?" ఎమ్మెస్సులో నాకు కాన్ఫిగరేషను గురించి ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఫతూరాలో పంపిన బిల్లుని చెరిపెయ్యడం లేదు. దానికి ఎదురుగా క్రెడిట్ నోటు రాసి పంపాల్సిందే. పైగా ప్రతి బిల్లులోనూ దాని ముందు బిల్లు హాష్ ఉంటుంది, వరస నంబరుంటుంది. గొలుసులో లంకెల్లాగ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మధ్యలో పద్నాలుగు బూటకపు లంకెలు పడితే, వాటిని అలా ఉంచే ముందుకెళ్ళాలి. పద్నాలుగు క్రెడిట్ నోట్లు రాసి, ప్రతిదానికీ కారణం రాసి, రేపెవరైనా ఆడిటుకొస్తే చూపించడానికి ఒక ఉత్తరం సిద్ధం చేసుకుని, ఆ అన్న రెండు శుక్రవారాలు పోగొట్టుకున్నాడు. అంటే ఇంటికి ఫోన్ చేసి మనవరాలిని చూసుకునే రోజులు.

"అయితే డాటెన్వ్-రిక్వైర్డ్ పెట్టుకుంటే సరిపోయేది కదా" అని చదువుతున్నవాళ్ళలో జస్ట్ తెలిసినవాళ్ళు ఇప్పటికే అనేసుంటారు. ఆ సెట్టింగు పెడితే ఫైలు దొరకనప్పుడు జస్ట్ ఎర్రరిచ్చి ఆగిపోతుంది. మంచిదే. కానీ ఈ కేసులో లాభం లేదండీ. ఫైలు దొరికింది కదా! ఎవరిదో ఒకరిది. "ఏదో ఒక చీటీ ఉండాలి" అనడానికీ "ఈ చీటీయే ఉండాలి" అనడానికీ ఉన్న తేడా అది.

రిక్వైర్డ్ నిజంగా పనికొచ్చే కేసు ఇంకోటుంది, దాన్నీ చెప్తాను. ఇక్కడ చిల్లర కొట్లని బకాలా అంటారు. ఎండాకాలం పగలు బయట మనిషి కనపడడు కాబట్టి బకాలాల్లో బేరమంతా ఇషా నమాజు తర్వాతే. ఒక బకాలా లెక్కల్లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక చేసిన బిల్లులన్నిటికీ మర్నాటి తేదీ పడుతోంది. రాత్రి తొమ్మిదిన్నర! నేను ఆ అంకె వినగానే నవ్వేశాను. మీరు భారత్‌లో ఉండి గల్ఫులో ఉన్న మనిషికి ఫోన్ చేసేవాళ్ళయితే మీకూ తెలిసే ఉంటుంది, ఇక్కడ తొమ్మిదిన్నరంటే మనకి అర్ధరాత్రి పన్నెండు. అద్దె సర్వరుని ఎవరో భారత కాలమానం మీద పెట్టారు. రియాద్ కాలమానం వాడమని చెప్పే లైను చీటీలో ఉండేది. సర్వరు మార్చినప్పుడు కోడు వెళ్ళింది, చీటీ వెళ్ళలేదు. ఫైలు లేకపోయినా జస్ట్ ఏమీ అనలేదు, కాలమానం చెప్పకపోయినా ప్రోగ్రామూ ఏమీ అనలేదు, మిషను గడియారం చూసుకుని పోయింది. డేటాబేసు పాస్‌వర్డు ఆ మిషను మీద వేరే దారిన అందుతోంది కాబట్టి మిగతా అంతా సక్రమంగా నడిచింది. నెల చివరి రోజు రాత్రి పదింటికి అమ్మిన బియ్యం బస్తా వచ్చే నెల పన్నుల్లో పడుతుంది. ఎంత చిన్న తప్పో చూడండి, కనిపెట్టడానికి ఎన్ని నెలలు పట్టిందో నేను చెప్పను, ఆ షాపాయన ఇంకా నాకు టీ ఇస్తున్నాడు.

రిక్వైర్డ్ ఉంటే ఆ కొత్త సర్వరు మీద మొదటి రోజే, మొదటి నిమిషంలోనే ఆగిపోయేది. ఎవరో ఒకరు తిట్టుకుంటూ ఫైలు కాపీ చేసేవారు. అయిపోయేది.

మా హైదరాబాదు కుర్రాడు దీనికి ఒప్పుకోడు. తెలివైనవాడు, వాడి వాదన తీసెయ్యదగ్గది కాదు కాబట్టి వాడి మాటల్లోనే చెప్తాను. "అన్నా, కొత్తగా చేరినవాడు మొదటిరోజు కోడు దింపుకుని ఒక కమాండు కొడతాడు. అది ఎర్రరిస్తే వాడికి ఇక్కడ ఏదీ సరిగ్గా పనిచెయ్యదనిపిస్తుంది. కోడుకి అక్షరదోషాలు చూసే కమాండు నడపడానికి కూడా జట్కా సర్టిఫికెట్టు కావాలా? ఏమీ లేకపోయినా లోకల్‌గా నడిచేలా డిఫాల్ట్‌లు పెట్టుకోవాలి." వాడు చెప్పేదాంట్లో నిజముంది. జస్ట్‌లో ఈ సెట్టింగులు మొత్తం ఫైలుకి వర్తిస్తాయి, ఒక్కో వంటకానికి వేరుగా కాదు. టెస్టులు నడిపే వంటకమూ బిల్లులు పంపే వంటకమూ ఒకే ఫైల్లో ఉంటే రెండూ ఆగుతాయి. అయితే అప్పుడు చెయ్యాల్సింది రెండింటినీ వేరు ఫైళ్ళలో పెట్టడం. డబ్బూ ప్రభుత్వమూ ఉన్న వంటకాలు ఒక ఫైల్లో, రిక్వైర్డ్‌తో. మిగతావి ఇంకోదాంట్లో, ఏ చీటీ లేకుండా. కొత్త కుర్రాడి మొదటిరోజు సంతోషానికి జగిత్యాల అన్న రెండు శుక్రవారాలు చెల్లించడం నాకు న్యాయంగా తోచదు.

ఈ విషయంలో నాకు దొరికిన పెద్ద సాక్షి నోడ్. ఏళ్ళ తరబడి జావాస్క్రిప్టువాళ్ళు డాటెన్వ్ అనే ప్యాకేజీ వేసుకుని ఈ పని చేసుకునేవారు. 2023లో 20.6 వెర్షన్ నుంచి నోడ్ తనే ఈ ఫైళ్ళు చదవడం మొదలెట్టింది. ఎలా? "ఎన్వ్-ఫైల్" అని చెప్పి, ఫైలు పేరు కూడా మీరే ఇవ్వాలి. ఇచ్చిన ఫైలు లేకపోతే ఆగిపోతుంది. లేకపోయినా పర్లేదు అనుకునేవాళ్ళ కోసం తర్వాత "ఉంటేనే" అని ఇంకో ఆప్షను వేరేగా పెట్టారు. చూశారా, పోతేపోనీ అనేది కూడా నోరు తెరిచి చెప్పాల్సిన మాటే అయింది. డాకర్ కంపోజ్ మాత్రం ఇప్పటికీ ప్రాజెక్టు ఫోల్డర్లో ఆ ఫైలుంటే అడక్కుండానే చదువుతుంది. దాని మీద ఇంకో రోజు ఏడుస్తాను.

ఇంకో చిక్కుముడి ఉంది, దీంట్లో నాకే పూర్తిగా మనసు కుదరలేదు. టెర్మినల్లో ఒక వేరియబుల్ ముందే ఉండి, అదే పేరుతో చీటీలో ఇంకో విలువ ఉంటే ఏది గెలవాలి? జస్ట్‌లో మామూలుగా ముందే ఉన్నది గెలుస్తుంది. చీటీ గెలవాలంటే డాటెన్వ్-ఓవర్‌రైడ్ అని పెట్టాలి. ముందే ఉన్నది గెలవడంలో ఒక పెద్దరికం ఉంది. మనిషి నోటితో చెప్పిన మాట కాగితం మీదున్నదాని కన్నా కొత్తది అన్న నమ్మకం. సర్వర్ల మీద, ఆటోమేటిక్ బిల్డుల మీద అది సరైన నమ్మకం. కానీ లాప్‌టాపు మీద? నిన్న మధ్యాహ్నం ఏదో తేడా వెతకడానికి కోర్ చిరునామా టెర్మినల్లో ఎక్స్‌పోర్ట్ చేస్తారు. ఆ కిటికీ మూయరు. ఇవాళ పొద్దున్న చీటీలో సిమ్యులేషన్ అని స్పష్టంగా కళ్ళతో చూసుకుని మరీ కమాండు కొడతారు. వెళ్ళేది కోర్‌కి. ఫైలు తెరిచి చూసినా నిజం తెలియదన్నమాట. అలాగని ఓవర్‌రైడ్ పెడితే, సర్వరు మీద పొరపాటున మిగిలిపోయిన పాత చీటీ, అక్కడ సవ్యంగా అందుతున్న అసలు విలువల్ని తొక్కేస్తుంది. నేను మామూలు పద్ధతే ఉంచుతున్నాను. కాకపోతే ప్రభుత్వానికి వెళ్ళే ప్రతి వంటకమూ ముందు తను నిజంగా వాడబోయే చిరునామాలో ఆ చివరి మాటా, దుకాణం పేరూ తెర మీద చూపించి, అవునా కాదా అని అడిగి కదలాలని పెట్టాను. జస్ట్‌లో కన్ఫర్మ్ అని ఒక గుర్తు వంటకం పైన తగిలిస్తే అది అడుగుతుంది. ఫైల్లో ఏముందో కాదు, చివరికి ప్రోగ్రాము చేతిలో ఏముందో చూపించాలి. చాలామంది ఫైలుని చూపించి ధైర్యం చెప్పుకుంటారు.

ఫైలు లోపలి వ్యాకరణం గురించి మాట్లాడితే తెల్లారిపోతుంది, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. డాటెన్వ్ ఫైలుకి అందరూ ఒప్పుకున్న ప్రమాణం అంటూ లేదు. పాస్‌వర్డులో హాష్ గుర్తుందనుకోండి, మేక్‌లోకి ఆ ఫైలుని ఇంక్లూడ్ చేస్తే గుర్తు దగ్గర్నుంచి అంతా కామెంటు కింద పోతుంది. డాలరు గుర్తుంటే అదేదో వేరియబులనుకుంటుంది. పోనీ కోట్సులో పెడదామంటే, డాకర్ రన్‌కి ఎన్వ్-ఫైల్‌గా ఇచ్చినప్పుడు ఆ కోట్సు కూడా పాస్‌వర్డులో భాగమే అనుకుంటుంది. విండోసు నోట్‌ప్యాడులో మార్చి సేవ్ చేస్తే లైను చివర్న కనపడని అక్షరం ఒకటి అంటుకోవచ్చు. ఇక సౌదీలో మనకో ప్రత్యేక వరం. బిల్లు మీద దుకాణం పేరు అరబ్బీలో ఉండాలి కాబట్టి అదీ చీటీలో పెడతారు. అరబ్బీ కుడినుంచి ఎడమకి. పేరు ఎడమనుంచి, విలువ కుడినుంచి, మధ్యలో అంకెలొచ్చాయంటే కొన్ని ఎడిటర్లలో లైనంతా ముక్కలు తారుమారైనట్టు కనపడుతుంది. ఫైల్లో సరిగ్గానే ఉంటుంది, కంటికి మాత్రం తలకిందులు. చూసినవాడు "సరిచేస్తాడు". అప్పుడు నిజంగా పాడవుతుంది. అరబ్బీ కీబోర్డు మీద 15 కొడితే అరబ్బీ అంకెల్లో పడొచ్చు. పైథాన్ వాటిని కూడా పదిహేనుగానే చదువుతుంది, జావాస్క్రిప్టు చదవదు. అందుకని నేను దుకాణాల పేర్లని డేటాబేసులోకి నెట్టేశాను. చీటీలో సాదా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలే.

పదిహేనంటే గుర్తొచ్చింది. ఇక్కడ వ్యాట్ 2018 జనవరి 1న 5 శాతంతో మొదలై, 2020 జులై 1న 15 శాతం అయింది. దాన్ని చీటీలో ఒక లైనుగా పెట్టినవాళ్ళని నేను చూశాను, చూడ్డానికి ఎంతో తెలివిగా ఉంటుంది, ఒక్క అంకె మారిస్తే చాలు కదా అని. కానీ జూన్‌లో అమ్మినదాన్ని కస్టమరు జులైలో వెనక్కిస్తే క్రెడిట్ నోటు 5 శాతంతోనే రాయాలి. చీటీకి తేదీలు తెలియవు. చోటుని బట్టి మారేవి చీటీలో ఉండాలి, కాలాన్ని బట్టి మారేవి ఉండకూడదు. అలాంటిది అసలు కాన్ఫిగరేషనే కాదు, వ్యాపారం.

రహస్యాలు ఇలా ఫైళ్ళలో పెట్టడమే తప్పు, వాల్టులు వాడాలి అనే వర్గం కూడా ఉంది. పెద్ద కంపెనీలకి నేనూ అదే చెప్తాను. 2011లో హెరోకు మనిషి ఆడమ్ విగ్గిన్స్ పన్నెండు సూత్రాలు రాసి, కాన్ఫిగరేషన్ని కోడులో కాదు ఎన్విరాన్‌మెంటులో ఉంచండి అన్నది, ఇలాంటి ఫైళ్ళు పొరపాటున కోడుతోపాటు బయటికెళ్ళిపోతున్నాయనే. మనం వినయంగా తలూపి, ఆ ఎన్విరాన్‌మెంటు మొత్తాన్నీ మళ్ళీ ఒక ఫైల్లో రాసి కోడు పక్కనే పెట్టుకున్నాం. ఫలితం? 2024 ఆగస్టులో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ వారి యూనిట్ 42 ఒక ముఠా గురించి బయటపెట్టింది. ఆ ముఠా వెబ్‌సైట్లు వెతుక్కుంటూ పోయి, అజాగ్రత్తగా జనం ముందు పడున్న డాటెన్వ్ ఫైళ్ళు దింపుకుని, వాటిలో దొరికిన క్లౌడు తాళాలతో లోపలికి దూరి డబ్బులడిగింది. వాళ్ళకి దొరికిన వేరియబుల్స్ 90 వేలకు పైనే. కానీ నాలుగు కంప్యూటర్లున్న టైర్ల కొట్టుకి వాల్టు సర్వరు పెట్టి, దానికి తాళం ఎక్కడ పెట్టాలో మళ్ళీ ఆలోచించేకంటే, ఫైలు యజమాని ఒక్కడే చదివేలా అనుమతులు బిగించి, వెబ్ సర్వరు చూసే ఫోల్డరుకి బయట పెట్టి, గిట్‌కి కనపడకుండా చెయ్యడమే నేను సిఫార్సు చేస్తున్నాను. గిట్‌లో పెట్టేది విలువల్లేని నమూనా ఫైలు మాత్రమే. పేర్లు ఉంటాయి, ఈక్వల్ టు తర్వాత ఖాళీ.

ఇప్పుడు ఆ టైర్ల కొట్టు పని నా చేతికే వచ్చింది కాబట్టి అక్కడ ఏం పెట్టానో చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. అసలు డాటెన్వ్ అనే ఉత్త పేరు వాడటం మానేశాను. డాటెన్వ్-ఫైల్‌నేమ్ అనే సెట్టింగుతో ప్రతి దుకాణానికీ, ప్రతి తలుపుకీ వేరే పేరు. పాత షాపు కోర్‌దొకటి, కొత్త షాపు సిమ్యులేషన్‌దొకటి, అలా. ఇప్పుడు జస్ట్ ఎంత పైకెక్కినా ఆ పేరుతో ఇంకోటి దొరకదు, ఎక్కడం ఆపలేకపోయినా ఎక్కి ప్రయోజనం లేకుండా చేశాను. దాంతోపాటు రిక్వైర్డ్. రెండూ కలిస్తేనే పనిచేస్తాయి, విడిగా ఏ ఒక్కటీ చాలదు. పేర్లు చుక్కతో మొదలుపెట్టడం కూడా మానేశాను, జాబితాలో కనపడనీ, ఏం పోయింది. గిట్‌లో పెట్టకుండా ఆపే లిస్టులో ఆ పేర్లన్నీ మర్చిపోకుండా రాసుకోవాలి, ఉత్త పేరుకున్న సౌకర్యం అదొక్కటే. తర్వాత జగిత్యాల అన్న అడిగిన ప్రశ్న. ప్రతి చీటీలోనూ మొదటి లైను దుకాణం పన్ను నంబరు. బిల్లు తయారయ్యాక, పంపేముందు, బిల్లు మీదున్న నంబరూ చీటీలో ఉన్న నంబరూ ఒకటేనా అని ప్రోగ్రాము చూసుకుంటుంది. కాకపోతే పంపదు.

మా కుర్రాడు ఇదంతా చూసి, ఫైలు పేరు ఇంత పొడుగైతే కమాండ్‌లో కొట్టడానికి చెయ్యి నొప్పెడుతుందన్నా అని కొత్త ఫిర్యాదు తెచ్చాడు. వాడికోసం పొట్టి ముద్దుపేరొకటి పెట్టుకునే ఏర్పాటు చేస్తానన్నాను, సిమ్యులేషన్‌కి మాత్రమే. కోర్‌కి పంపాలంటే మొత్తం పేరూ కొట్టాల్సిందే.